రెండు సీసాల నీళ్ళు

సున్నం ముంతలో పుల్ల పెట్టి కెలికేవాళ్ళని చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయిన వారం గుంటూరులో మిర్చి యార్డు దగ్గర ఒక కిళ్ళీ బడ్డీ ముందు ఆటో కోసం నిలబడి ఉన్నాను. బడ్డీవాడు ముంతలో సున్నం నానబెట్టి పక్కన పెట్టుకున్నాడు. అడుగున సున్నం పేరుకుని, పైన నీళ్ళు చక్కగా తేరుకుని ఉన్నాయి. ఎవరో పెద్దమనిషి ఆకు కట్టించుకుంటూ, చేతులు ఊరుకోక, అక్కడున్న పుల్ల తీసి ముంతలో గిరగిరా తిప్పాడు. నీళ్ళన్నీ తెల్లబడిపోయాయి. "కెలక్కండి" అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, మిరప ఘాటుకి తుమ్మబోతున్న హమాలీ ఒకడు తుమ్ము ఆపుకుని మరీ నా వంక చూశాడు. ఆ పెద్దమనిషి పుల్ల కింద పెట్టేసి ఏమైందమ్మా అని అడిగాడు. ఏమైందని చెప్పను? ఆటో రాగానే ఎక్కేశాను.

ఆ మాట నాది కాదు. చీరాలలో నేనెరిగిన ఒక నూలు రంగుల మాస్టరు గారిది. తమాషా ఏమిటంటే, కెలకొద్దని ఊరందరికీ చెప్పే ఆ మనిషి తాను మాత్రం ఒక్క నిమిషం కెలక్కుండా ఉండగలిగేవాడు కాదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

తొంభైల చివర్లో నేను చీరాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ డెమాన్‌స్ట్రేటరుని. ఎమ్మెస్సీ పాసై, ప్రభుత్వ లెక్చరరు ఉద్యోగానికి పరీక్షలు రాస్తూ, ఈ ఊళ్ళో నేనుండేది నాలుగు రోజులేనని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకునేదాన్ని. ఆ నాలుగు రోజులు పదేళ్ళయ్యాయి. ఒక శనివారం మధ్యాహ్నం ప్రాక్టికల్సు అయిపోయి, గైడు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. లాబు గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నిలబడి ఉన్నాడనడం కూడా తప్పే, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకి, ఆ కాలి మీద నుంచి ఈ కాలి మీదకి మారుతున్నాడు. యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, చేతులు మాత్రం మణికట్టు దాకా నీలం. ఆ నీలం చేతుల్లో ఒక గాజు సీసా.

"మేడం గారూ, ఈ నీళ్ళకి ఒంట్లో ఎట్లా ఉందో చూసి చెప్పాలండి" అన్నాడు.

తాగే నీళ్ళా అని అడిగాను. కాదన్నాడు. బోరు నీళ్ళా? అవీ కావు. సముద్రం నీళ్ళే, కానీ ఇంట్లో ఉన్నవి. నేను పుస్తకం మూసి, ఈయన్ని ఎంత త్వరగా పంపిద్దామా అని చూస్తున్నాను. ఆయనకి అదేమీ పట్టలేదు. బల్ల మీద టెస్టు ట్యూబులన్నీ వరసగా సర్దుతూ, సర్దినవాటిని మళ్ళీ కదుపుతూ చెప్పుకుపోయాడు. నూలుకు వేసే రంగులు కొనడానికి మద్రాసు వెళ్ళినప్పుడు రంగు చేపలమ్మే కొట్టులో ఒక గాజు తొట్టి చూశాడట. అందులో చేపలు ఆయనకి నచ్చలేదట, చేపల వెనకాల ఉన్న రాయి నచ్చింది. రాయి కాదు, పగడపు జీవి. గోధుమ రంగు మీద ఆకుపచ్చ జాడ, వేళ్ళు ముడిచిన పిడికిలంత. ఆ పచ్చ జాడని తాను ఏ రంగు తొట్టిలోనూ తీసుకురాలేనని అక్కడే తెలిసిపోయిందట. నీళ్ళ డబ్బాలో పెట్టుకుని, రైల్లో చీరాల దాకా ఒళ్ళో నుంచి దింపకుండా తెచ్చుకున్నాడు.

పగడమంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్ర పూస అని తప్ప నాకేమీ తెలియదు. ఐదో తరగతి చదివిన ఆయన ఎమ్మెస్సీ చదివిన నాకు పాఠం చెప్పాడు. "అది నీళ్ళలో ఉన్న సున్నం తిని ఇల్లు కట్టుకుంటది మేడం గారూ. తినేకొద్దీ నీళ్ళలో సున్నం తగ్గుద్ది. తగ్గినంతే మనం పెట్టాల. తక్కువైతే చిక్కిపోద్ది, ఎక్కువైతే ఉక్కిరిబిక్కిరైపోద్ది. ఎంత తగ్గిందో నాకు తెలవదు, మీకు తెలుసుద్దని చెప్పారు."

నీళ్ళలో సున్నం అంటే కాల్షియం. దాన్ని కొలవడం మా లాబులో రోజూ చేసే పనే. కొలిచే నీళ్ళలో చిటికెడు ఇండికేటరు పొడి వేస్తే ఎర్రగా అవుతాయి. పైన బ్యూరెట్ నుంచి మందు చుక్క చుక్కగా వదులుతూ పోతే, ఒక చుక్క దగ్గర ఆ ఎరుపు పోయి నీలం తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో దాన్ని బట్టి కాల్షియం ఎంతో చెప్పొచ్చు. ఒకసారి చేసి ఊరుకోము. రెండోసారి మళ్ళీ చేస్తాం, రెండు అంకెలూ కలిస్తేనే రాస్తాం. ఆ రోజు నేను రెండోసారి మొదలుపెడుతుంటే ఆయన మొహం వెలిగిపోయింది.

"మా అద్దకంలోనూ ఇంతేనండి. కొత్తగా చేరినోడికి ఒకే కట్టలోయి రెండు చిలపలు, అంటే రెండు చుట్టల నూలు ఇస్తాం. పొద్దున ఒకటి ముంచమంటాం, సాయంత్రం ఒకటి. రెండూ ఒకే ఛాయ వస్తే వాడి చెయ్యి కుదిరినట్టు. కుదిరిందాకా రెండేసి చిలపలు ఇస్తానే ఉంటాం. కుదిరాక ఒకటి చాలు."

నేను ఊఁ కొట్టాను. మనసు గైడు పుస్తకం మీద ఉంది. కాగితం మీద అంకె రాసిచ్చి పంపేశాను. మళ్ళీ శనివారం వచ్చాడు. ఆపై శనివారం కూడా. అలా మూడేళ్ళు ఏ శనివారమూ తప్పలేదు.

ఆ తొట్టిని చూడమని ఎన్నోసార్లు పిలిస్తే, చివరికి ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ముందు గదిలో ఒక పక్క గుంట మగ్గం, ఇంకో పక్క మంచమంత గాజు తొట్టి. మగ్గం గుంటలో వాళ్ళావిడ కూర్చుని నేస్తోంది. నేను ఆవిణ్ణి పిన్నిగారూ అనేదాన్ని. గొంతు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు. నేను గడప దాటుతూనే, ఆ సముద్రం పెళ్ళాం అదిగో అటు పక్కనుందమ్మాయ్, ముందు దాన్ని పలకరించిరా, తర్వాత నా దగ్గరికి వద్దువుగాని అంది.

తొట్టి దగ్గర నేను చూసింది పగడాన్ని కాదు, ఆయన్ని. చేతులు పెట్టేముందు మూడు చెంబుల నీళ్ళతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. అద్దకంలో వాడే మైలుతుత్తం చేతికి రవ్వంత అంటుకున్నా అది బతకదట. తొట్టి అద్దం మీద నీలం రంగుతో ఒక గీత. ఫాను గాలికి నీళ్ళు ఆ గీత కిందకి దిగితే పైనుంచి పోయాల్సింది సముద్రం నీళ్ళు కాదట, ఆవిరయ్యేది నీళ్ళే గాని ఉప్పు కాదు గదా. అందుకని బ్యాటరీల కొట్లో దొరికే డిస్టిల్డ్ నీళ్ళు పోస్తాడు. కొత్త నీళ్ళు కావాల్సి వస్తే మోపెడ్ మీద రెండు క్యాన్లు కట్టుకుని ఓడరేవు పోతాడు. అక్కడ రొయ్య పిల్లల్ని పెంచే హేచరీ వాచ్‌మన్‌తో స్నేహం, వడకట్టిన నీళ్ళు పట్టిస్తాడు. నీళ్ళు పట్టేముందు ఒక చుక్క నాలుక మీద వేసుకోనిదే క్యాను మూత తీయడు. వానాకాలంలో కాలవల నీళ్ళు వచ్చి పడితే, ఈ వారం సముద్రంలో కూడా నీళ్ళు కలిపి పోస్తున్నారని ఉత్త క్యాన్లతో తిరిగొచ్చేవాడట.

ఇక సున్నం. సముద్రపు గవ్వల్ని కాల్చి చేసిన గుల్ల సున్నాన్ని పెద్ద గాజు సీసాలో కలిపి ఒక రోజంతా కదపకుండా ఉంచుతాడు. పైన తేరిన తేట మాత్రమే తొట్టిలోకి వెళ్ళాలి. దానికి ఆస్పత్రిలో వాడే సెలైన్ గొట్టం పెట్టాడు. చిన్న చక్రం తిప్పితే చుక్కల వేగం మారుతుంది. రోగికి సెలైన్ ఎక్కించినట్టు, చుక్క తర్వాత చుక్క సున్నపు తేట తొట్టిలో పడుతుంటే అది చూడ ముచ్చటగా ఉంది. అయితే ఆయన దాన్ని ముచ్చటగా చూడనిస్తేనా? నాతో మాట్లాడుతూనే చక్రం కాస్త ఇటు తిప్పాడు. కాఫీ తాగుతూ లేచి కాస్త అటు తిప్పాడు. థర్మామీటరు తీసి చూసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ తీశాడు. ఉప్పు, సున్నం, సోడా, వేడి అన్నీ రోజూ ఒకే తీరున ఉండాలని, అంకె మంచిదా చెడ్డదా అన్నదానికంటే మారకుండా ఉండటం ముఖ్యమని నాకు చెబుతూనే చక్రం మీద చెయ్యి వేశాడు.

పిన్నిగారు మగ్గం ఆపి, కెలక్కు కెలక్కని సున్నం సీసాకి చెబుతావు గదా, అదే మాట నీ చేతులకి చెప్పుకోరాదా అని ఆయన ఒళ్ళో ఒక బుట్టెడు కండెలు పడేసింది. కండెలకి నూలు చుడుతూ కూర్చున్నంతసేపే తొట్టికి ప్రశాంతత. ఆయన కాళ్ళు మాత్రం అప్పుడు కూడా ఆడుతూనే ఉన్నాయి.

మూడేళ్ళూ బాగానే గడిచాయి. పాడు చేసింది నేను.

లాబులో నేను చుక్కలు వదులుతుంటే ఆయన నా వెనకాల నిలబడేవాడు. నా కంటికి ఇంకా ఎర్రగానే ఉండగా, "తిరిగింది మేడం గారూ" అనేవాడు. నేను నమ్మక ఇంకో చుక్క వదిలేదాన్ని. అప్పుడు నాకు నీలం కనపడేది. అంటే ప్రతిసారీ నాది ఒక చుక్క ఎక్కువ. ఆయన కళ్ళు ముప్ఫై ఏళ్ళు రంగు తొట్ల మీద పండిన కళ్ళు, నీలంలో ఏడు నీలాలు చూడగలడు. నేను సంతోషించాల్సింది. కానీ ఎమ్మెస్సీ చదివిన నా లాబులో, నా బ్యూరెట్ ముందు, ఐదో తరగతి మనిషి నాకంటే ముందు చూడటం నాకు కంట్లో నలుసైంది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అప్పుడు మాత్రం కోపమే ఉండేది. ఒక శనివారం ఆయన గుమ్మం ఎక్కగానే, బయటివాళ్ళు లోపలికి రాకూడదని ప్రిన్సిపాల్ గారు చెప్పారు, సీసా ఇచ్చి వెళ్ళండి, సోమవారం వచ్చి కాగితం తీసుకెళ్ళండి అన్నాను. ప్రిన్సిపాల్ గారు అలాంటిదేమీ చెప్పలేదు. ఆయన తప్పు చేసినవాడిలా అలాగేనండి అన్నాడు. వరండాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నాలుగుసార్లు నడిచి వెళ్ళిపోయాడు.

ఆ ఎండాకాలంలోనే పరీక్ష ఫలితాలొచ్చాయి. నా పేరు లేదు. ఆ శనివారం సీసా మూత తీయాలనిపించలేదు. అంతకుముందు వారం నాలుగు వందల పది వచ్చింది, అదే రాసి పెట్టాను. ఒక్క వారమే కదా అనుకున్నాను. తర్వాతి వారమూ తీయలేదు. ఎప్పుడూ ఒకే అంకె ఉంటే అనుమానం వస్తుందని నాలుగు వందలు రాశాను. ఆ తర్వాతి వారం మూడు వందల ఎనభై ఐదు. రికార్డు పుస్తకాల్లో అంకెలు వండి వార్చే విద్యార్థుల్ని నిలబెట్టి కడిగేసేదాన్ని నేనే. నమ్మేటట్టు ఎలా వండాలో వాళ్ళ దగ్గరే నేర్చుకున్నాను.

నా కాగితం పట్టుకుని ఆయన ఇంటికి పోయి ఏం చేస్తాడో నాకు తెలియక కాదు. సున్నం తగ్గిందంటే చక్రం తిప్పుతాడు. తెలిసే రాశాను.

నాలుగో శనివారం ఆయన రెండు సీసాలు తెచ్చాడు. ఒకదాని మీద ఒకటి అని, ఇంకోదాని మీద రెండు అని కాగితం ముక్కలంటించి ఉన్నాయి. పక్కగదిలో చిన్న తొట్టి ఒకటి పెడతానని అంతకుముందు అంటుండేవాడు, పెట్టినట్టున్నాడు అనుకున్నాను. అడగలేదు. మూతలూ తీయలేదు. ఒకటికి మూడు వందల ఎనభై, రెండుకి నాలుగు వందల ఐదు రాశాను.

సోమవారం వరండాలో ఆ కాగితం ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. ఆ కాళ్ళు కదలకుండా ఉండటం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

"రెండూ ఒకే తొట్టి నీళ్ళండి మేడం గారూ" అన్నాడు.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. రెండు సీసాలూ తీసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే నేను కూడా ఏదో ఒకటి అని బయటపడేదాన్ని.

మర్నాడు సాయంత్రం కాలేజీ అవగానే రిక్షా ఎక్కాను, సగం దారిలో దిగిపోయి వెనక్కి నడిచాను, మళ్ళీ ఇంకో రిక్షా ఎక్కాను. వాళ్ళ గడప దగ్గరికి వచ్చేసరికి పిన్నిగారి మగ్గం చప్పుడు వినపడుతోంది. నన్ను చూడగానే ఆగిపోయింది.

"ఏమ్మాయ్, చూడకుండానే రాశావంట గదా? చూడలేనని ఒక్క మాట చెబితే మేమేమన్నా నిన్ను కొట్టేవాళ్ళమా?"

తొట్టి దగ్గరికి వెళ్ళాను. రాళ్ళ మీద, ఇసక మీద, అద్దం మీద పిండి జల్లించినట్టు తెల్లటి పొడి. సున్నం ఎక్కువై, నీళ్ళు పట్టలేక వదిలేసిన సున్నం అది. పిడికిలంత పగడం ఇప్పుడు రెండు పిడికిళ్ళంత పెరిగి ఉంది, కానీ అందులో సగానికి పైగా చర్మం ఊడిపోయి తెల్లని ఎముక కనపడుతోంది. మిగిలిన సగంలో పచ్చ జాడ ముడుచుకుపోయి ఉంది. ఆయన నేల మీద కూర్చుని కండెలు చుడుతున్నాడు.

తప్పు నాదే మాస్టరు గారూ అన్నాను. నాలుగు వారాల సంగతీ చెప్పాను. ప్రిన్సిపాల్ గారి పేరు చెప్పి అబద్ధమాడిన సంగతి కూడా చెప్పాను. ఆయన కండె మీద నుంచి చూపు తిప్పలేదు.

"అంకె మీరు రాశారు, సున్నం నేను పోశాను. దాని మొహం నాకు రోజూ కనపడతానే ఉందండి. ముడుచుకుంటన్నా గూడా దాన్ని చూడలేదు, మీ కాగితం చూశాను." కండె మార్చుకుని, "ఇది పోతే ఇంకోటి దొరకదండి. వీటిని పట్టకూడదు, అమ్మకూడదు అని గవర్నమెంటు ఆపేసింది" అన్నాడు.

పిన్నిగారే లేచి నాకు మంచినీళ్ళిచ్చింది.

నెల రోజులు ఆయన కొత్త నీళ్ళు తేవడం, ఒక చెంబు తీసి ఒక చెంబు పోయడం తప్ప ఇంకేమీ చేయలేదని తర్వాత తెలిసింది. చక్రం దగ్గరికి పోకుండా పిన్నిగారు కుర్చీ అడ్డం వేసుకుని కూర్చుందట. ఆ నెలలో శనివారాలు ఎవరూ రాలేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం నేను బ్యూరెట్ కడిగి, ఇండికేటరు తీసి పెట్టుకుని, వరండా వంక చూస్తూ గడిపాను. చదువుకోవాల్సిన పుస్తకం ఒక్క పేజీ తిరగలేదు.

ఐదో శనివారం వచ్చాడు. గుమ్మం బయటే ఆగాడు. లోపలికి రమ్మన్నాను. రెండు నీలం చేతుల్లో రెండు సీసాలు. ఒకటి, రెండు.

మిగిలిన సగం బతికిందని అప్పుడే చెప్పాడు. ఆ సీసాలు అందుకున్నాను. ఒక్కో సీసా రెండుసార్లు చేశాను, మొత్తం నాలుగు. ఆయన నా వెనకాలే నిలబడ్డాడు. ఎరుపు పోతున్న చోట ఆగి, తిరిగిందా అని అడిగాను. మీకు కనపడాలి గదండీ అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ తిరిగింది అనలేదు. నేను అనేదాకా ఆగేవాడు. ఎప్పుడన్నా ఒక చుక్క ఎక్కువ వదిలితే, వెనకాల కాళ్ళు మారిన చప్పుడు మాత్రం వినపడేది.

ఆ తర్వాత ఆరేళ్ళు రెండేసి సీసాలే. ఎండాకాలం కరెంటు పోయినా, తుఫాను వచ్చినా రెండే. నాకు లోపల మండేది, ఇంకా ఎన్నాళ్ళీ పరీక్ష అని. చేసింది మూడు నాలుగు వారాల తప్పు, దానికి ఇన్ని వందల సీసాలా అని ఒక్కోసారి కోపం కూడా వచ్చేది. మొదటి రోజు ఆయన చెప్పిన రెండు చిలపల సంగతి మర్చిపోయినట్టు నటిద్దామన్నా కుదిరేది కాదు. ప్రతి శనివారం ఒకటి, రెండు అని బల్ల మీద వచ్చి కూర్చుంటే ఎలా మర్చిపోను? ఒకసారి ఉండబట్టలేక, ఒక్క సీసా తెస్తే మోయడానికి తేలిక కదా మాస్టరు గారూ అన్నాను. సంచిలో చోటుంటదండి అన్నాడు. అంతే. నేను రాసిచ్చిన రెండు అంకెల్నీ ఒకదాని కింద ఒకటి వేలు పెట్టి చదివి, మడిచి జేబులో పెట్టుకునేవాడు.

తొట్టిలో ఆ తెల్ల ఎముక మీదకి పచ్చ జాడ మళ్ళీ పాకడం మొదలుపెట్టింది. ఏడాదికి బొటనవేలి గోరంత. దాన్ని చూపించడానికి పిలిచినప్పుడల్లా వెళ్ళేదాన్ని. అద్దం మీద రంగు పెన్సిలుతో ఆయన గీతలు పెట్టేవాడు, ఇక్కడిదాకా వచ్చింది, ఇక్కడిదాకా వచ్చిందని. అది నిండా కమ్ముకునేసరికి మనిద్దరం ఉంటామో లేదోనని నవ్వేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు.

ఆఖరికి నాకు గుంటూరులో ఉద్యోగం వచ్చింది. ఆ మాట ఆయనకి ఎలా చెప్పాలా అని సతమతమవుతుండగా, ఒక శనివారం ఆయన రాలేదు. దగ్గుతున్నాడని నాకు ముందే తెలుసు. ఇన్నేళ్ళు పీల్చిన రంగు పొడి ఊపిరితిత్తుల్లో చేరిందని డాక్టర్లన్నారట. మూడు గంటలకి పిన్నిగారు వచ్చింది. నేనెన్నడూ ఆవిణ్ణి కాలేజీలో చూడలేదు. చెమటలు కక్కుతూ స్టూలు మీద కూర్చుంది. ఆయన్ని ఆస్పత్రిలో చేర్చారని చెప్పింది. సెలైన్ పెట్టారట. ఆ గొట్టానికున్న చక్రాన్ని ఊరికే తిప్పుతుంటే నర్సమ్మ చేతి మీద ఒక్కటేసిందట. అది చెప్పి నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

తర్వాత సంచిలో నుంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ఒకటి అనీ లేదు, రెండు అనీ లేదు. నేను రెండోదాని కోసం చెయ్యి చాపి ఉన్నాను. ఆవిడ ఇవ్వలేదు. సంచి వంక చూశాను, ఖాళీగా ఉంది. దారిలో పగిలిందా పిన్నిగారూ అని అడిగాను.

"లేదమ్మాయ్, నేను రెండు పట్టుకుని బయల్దేరితే ఆయనే ఒకటి తీయించాడు. మేడం గారికి ఒకటి చాలు అన్నాడు."

నేను లేచి బ్యూరెట్ దగ్గరికి వెళ్ళాను. వెనకాల ఎవరూ లేరు. ఇండికేటరు వేసి చుక్కలు వదలడం మొదలుపెట్టాను. ఎరుపు తగ్గుతోంది గానీ, నా కళ్ళు నిండి ఏ రంగూ కనపడలేదు. ఆ ఫ్లాస్కు పారబోసి, మొహం కడుక్కుని, మళ్ళీ చేశాను. ఈసారి ఎరుపు ఎక్కడ పోయిందో, నీలం ఎక్కడ తిరిగిందో నాకే కనపడింది. తిరిగింది అని పైకే అన్నాను. స్టూలు మీద నుంచి పిన్నిగారు ఏంటమ్మాయ్ అంది. ఏం లేదన్నాను.

సీసా ఒకటే. అయినా ఆ నీళ్ళతోనే ఇంకోసారి చేశాను. రెండు అంకెలూ ఒక్క చుక్క తేడా లేకుండా కలిశాయి. కాగితం మీద ఒకటే రాసి ఆవిడ చేతికిచ్చాను.